బాబ్లీ గట్టున ఒక గేమ్: బొమ్మల తీరును ఎలా ఎంచుకోవాలి?

అడ్వెంచర్ గేమ్‌లో ఆడేవారు కథలో ఒక పాత్రగా చోటు నుంచి చోటుకు నడుస్తారు. కంటబడిన వస్తువులను తాకి, తీసుకుని, ఒకదానితో ఒకటి కలిపి చిక్కుముడులు విప్పుతారు. వేగంగా వేళ్లు కదపడం, గురి చూసి కొట్టడం ఇందులో ముఖ్యం కాదు. ముఖ్యమైనది చూపు. అలాంటి గేమ్‌ను ఎవరైనా ఇంట్లోనే, ఒంటరిగానో ఇద్దరు ముగ్గురు కలిసో తయారుచేయాలనుకుంటే మొదట ఎదురయ్యే ప్రశ్న బొమ్మల గురించే. అవి ఏ తీరులో ఉండాలి?

ఈ ప్రశ్నలో ఒక చిక్కు ఉంది. 1980లో అమెరికాలో కెన్, రోబర్టా విలియమ్స్ దంపతులు ఇంట్లోనే తయారుచేసిన 'మిస్టరీ హౌస్' అనే అడ్వెంచర్ గేమ్‌లో రంగులే లేవు. నల్లని తెర మీద తెల్లని గీతలు, పిల్లలు పలక మీద గీసినట్టుండే మనుషులు, అంతే. అయినా జనం దాన్ని వేల సంఖ్యలో కొని రాత్రులు మేలుకుని ఆడారు. నేడు అంతకంటే ఎన్నో రెట్లు శక్తి ఉన్న కంప్యూటర్లతో మొదలుపెట్టి, మూడు నాలుగు దృశ్యాలు కళ్లు చెదిరేలా వేసి, ఐదోదాని దగ్గర ఆగిపోయే ఔత్సాహికులు ఎందరో. బొమ్మల్లో వివరం తక్కువున్న ఆట పూర్తయి, ఎక్కువున్న ఆట మధ్యలో ఆగిపోవడానికి కారణాలు కంటి నిర్మాణంలో కొన్ని ఉన్నాయి, చేతికి పట్టే సమయంలో కొన్ని ఉన్నాయి.

నమూనాకు ఒక చోటు: బాబ్లీ

బొమ్మల తీరును గాలిలో ఎంచుకోవడం కుదరదు. కథ జరిగే చోటు, అక్కడి వెలుగు, నేల, నీరు ముందు తెలియాలి. గోదావరి మీద ఉన్న బాబ్లీ ఇందుకు మంచి నమూనా.

మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా ధర్మాబాద్ తాలూకాలో, తెలంగాణ సరిహద్దుకు సుమారు 7 కి.మీ. ఎగువన బాబ్లీ బ్యారేజీ ఉంది. దిగువన తెలంగాణలో ఉన్న శ్రీరాంసాగర్ జలాశయం వెనుక జలాల పరిధిలో కట్టిన ఈ బ్యారేజీకి 14 గేట్లు. నిల్వ సామర్థ్యం 2.74 టీఎంసీలు. దీనిపై నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వేసిన దావాలో సుప్రీంకోర్టు 2013 ఫిబ్రవరి 28న తీర్పు చెప్పింది. ఆ తీర్పు ప్రకారం ఏటా జూలై 1 నుంచి అక్టోబరు 28 వరకు గేట్లు ఎత్తి ఉంచాలి. మార్చి 1న 0.6 టీఎంసీల నీటిని దిగువకు వదలాలి.

బొమ్మలు వేసేవారికి ఈ తేదీల్లో ఒక కథ దొరుకుతుంది. ఏడాదిలో 120 రోజులు నది ఇక్కడ అడ్డు లేకుండా సాగిపోతుంది. మిగిలిన 245 రోజులు గేట్లు దిగి నీరు నిలుస్తుంది. ఒకే చోటుకు రెండు ముఖాలు. తాత దాచిన పెట్టె తాళంచెవిని మనవరాలు వెతికే ఒక చిన్న కథను ఇక్కడ ఊహించవచ్చు. గేట్లు ఎత్తిన రోజుల్లో ఒక దారి తెరుచుకుంటుంది, దించిన రోజుల్లో మరొకటి. చుట్టూ నల్లరేగడి చేలు, ధర్మాబాద్ మార్కెట్‌లో ఎర్రటి మిర్చి రాశులు, కొద్ది దూరంలో బాసర, మాటల్లో తెలుగు, మరాఠీ కలగలుపు. మరాఠీలో బాభళ్ అంటే తుమ్మచెట్టు కాబట్టి ఊరి పేరు వినగానే ఒక ముళ్ల చెట్టు కూడా కళ్ల ముందు నిలుస్తుంది.

ఇక్కడి నుంచి ప్రశ్న స్పష్టమవుతుంది. ఈ నదిని, ఈ మిర్చిని, ఈ పిల్లను ఎన్ని గీతల్లో, ఎన్ని రంగుల్లో చూపితే ఆడేవారికి సరిపోతుంది?

కన్ను నిజంగా చూసేది ఎంత?

మనిషి రెటీనాలో రెండు రకాల కాంతిగ్రాహక కణాలున్నాయి. వివరాలు, రంగులు పట్టే కోన్ కణాలు సుమారు 60 లక్షలు. మసక వెలుగులో పనిచేసే రాడ్ కణాలు సుమారు 12 కోట్లు. కోన్ కణాలు రెటీనా నడుమ ఉన్న ఫోవియా అనే చిన్న గుంటలో కిక్కిరిసి ఉండి, పక్కలకు పోయేకొద్దీ పలచబడతాయి. చేయి పూర్తిగా చాచి బొటనవేలు నిలబెడితే దాని గోరు ఎంత మేర కప్పుతుందో, కన్ను ఒక్కసారికి స్పష్టంగా చూసేది దాదాపు అంతే. మిగతాదంతా మసక. చూపు సెకనుకు మూడుసార్ల చొప్పున గెంతుతూ ముక్కలు ఏరుకొస్తుంటే మెదడు వాటిని అతికి, పూర్తి దృశ్యం చూశామన్న భావన కలిగిస్తుంది.

ఆటలో దీని ఫలితం వెంటనే తెలుస్తుంది. తెరంతా సమానమైన వివరంతో నింపితే చూపు ఎక్కడ వాలాలో తెలియక తిరుగుతుంది. బ్యారేజీ గట్టు మీద ప్రతి గడ్డిపోచా, ప్రతి రాయీ శ్రద్ధగా వేస్తే వాటి నడుమ పడి ఉన్న తాళంచెవి మాయమవుతుంది. ఆడేవారు విసిగి తెర మీద ప్రతి అంగుళాన్నీ నొక్కుకుంటూ పోతారు. అప్పుడు బుర్రకు పదునుపెట్టాల్సిన ఆట గడ్డివాములో సూదిని వెతికే పనిగా మారిపోతుంది. కాబట్టి ఏ తీరు ఎంచుకున్నా వివరాన్ని ఒకచోట పెంచి మరోచోట తగ్గించే వీలు అందులో ఉండాలి.

గీత ఒక్కటే ఎందుకు సరిపోతుందో కూడా రెటీనాయే చెబుతుంది. రెటీనాలో ఒక కణం ఉత్తేజితమైనప్పుడు పక్క కణాల స్పందనను కొంత అణచివేస్తుంది. సమానమైన వెలుగు పరుచుకున్న చోట కణాలన్నీ ఒకదాన్నొకటి అణచడం వల్ల సంకేతం చప్పబడుతుంది. వెలుగు, చీకటి కలిసే అంచు దగ్గర మాత్రం ఒకవైపు అణచివేత తగ్గి సంకేతం ఎగసిపడుతుంది. అంటే మెదడుకు చేరే చిత్రంలో అంచులు ముందే దిద్ది ఉంటాయి. గుర్రపునాడా పీత కళ్ల మీద పరిశోధించి ఈ పద్ధతిని వెల్లడించిన హాల్డన్ కెఫర్ హార్ట్‌లైన్‌కు 1967 నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. వాకిట్లో ముగ్గుగీతతో వేసిన నెమలిని చూడగానే నెమలి అనిపించడానికీ, 'మిస్టరీ హౌస్' తెల్లగీతలు ఇల్లుగా కనిపించడానికీ కారణం ఇదే.

చుక్కల తీరు

ఇంట్లో గేమ్ చేసేవారు ఎక్కువగా ఎంచుకునేది చుక్కల తీరు, అంటే పిక్సెల్ బొమ్మలు. పాత కంప్యూటర్ల తెర మీద 320 అడ్డు, 200 నిలువు చుక్కలుండేవి. మొత్తం 64,000. నేటి సాధారణ తెర మీద 1920 అడ్డు, 1080 నిలువు, అంటే 20,73,600 చుక్కలు. దాదాపు 32 రెట్లు. చుక్కలు తగ్గితే నింపాల్సిన జాగా తగ్గుతుంది, పని తగ్గుతుంది. ఈ తీరుకు ఆదరణ నిలవడానికి సగం కారణం ఈ లెక్కే.

అయితే చుక్క చిన్నదైనా బాధ్యత పెద్దది. మనిషి బొమ్మ నలభై చుక్కల ఎత్తు ఉంటే కన్నుకు దక్కేది ఒక్క చుక్క. అది ఒక గడి పక్కకు జరిగితే చూపు మారిపోతుంది, రెండు గడులు జరిగితే మెల్లకన్ను అవుతుంది. చుక్కల బొమ్మలో ప్రతి గడీ తెలిసి పెట్టాల్సిందే.

రంగులు తక్కువైనా మార్గాలున్నాయి. 1990లో వచ్చిన 'లూమ్' గేమ్‌కు చిత్రకారుడు మార్క్ ఫెరారీ కేవలం 16 రంగులతో సంధ్యాకాశాలు వేశాడు. రెండు రంగుల చుక్కలను గళ్లుగళ్లుగా పక్కపక్కన పేర్చితే కన్ను వాటిని కలిపి మూడో రంగుగా చూస్తుంది. పడుగు ఒక రంగు, పేక మరో రంగు పెట్టి నేసిన చీర దూరం నుంచి మూడో రంగులో మెరవడం ఈ సూత్రం మీదే. దినపత్రికలో ఫోటోను భూతద్దంతో చూసినా ఈ చుక్కలే కనిపిస్తాయి.

ఇదే ఉపాయం కదిలే దృశ్యంలో ఇబ్బంది పెడుతుంది. లూకాస్ పోప్ దాదాపు ఒంటరిగా చేసి 2018లో విడుదల చేసిన 'రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్' మొత్తం రెండే ఛాయల్లో ఉంటుంది, ఒకటి వెలుగు, ఒకటి చీకటి. తయారీ దశలో చూపు తిప్పినప్పుడల్లా గోడల మీద చుక్కలు చీమల్లా పాకినట్టు కనిపించి కళ్లు నొప్పెట్టేవి. చూసేవారి చుట్టూ ఒక గోళం ఉందనుకుని, చుక్కల అల్లికను ఆ గోళానికి అతికించడంతో ఆ పాకడం చాలావరకు తగ్గింది. తక్కువ రంగులు పెట్టుకున్నంత మాత్రాన పని తేలిక కాదని, కష్టం మరో చోటికి మారుతుందని ఈ ఉదాహరణ చెబుతుంది.

బాక్స్: 'స్త్రీ' పట్టే జాగా

తెలుగులో గేమ్ చేసేవారికి చుక్కల తీరులో ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఇంగ్లిష్ అక్షరం ఎనిమిది చుక్కల ఎత్తులో హాయిగా పడుతుంది. తెలుగు అక్షరానికి మూడు అంతస్తులు కావాలి: పైన గుణింతం, నడుమ అక్షరం, కింద ఒత్తు. 'స్త్రీ' అన్న మాటలో సకారం మీద దీర్ఘం, కింద తకారం ఒత్తు, రకారం ఒత్తు కలిసి వస్తాయి. ఎనిమిది చుక్కల్లో ఇవన్నీ ముద్దయిపోతాయి. మరాఠీ రాసే దేవనాగరిలోనూ తలకట్టు మీద మాత్రలు, కింద ఉకారాలు ఇలాగే జాగా అడుగుతాయి.

దీనికి విరుగుడు సులభం. బొమ్మలను పెద్ద చుక్కల్లో వేసి, మాటలను మాత్రం తెర పూర్తి నాణ్యతలో చూపాలి. ఒత్తులు, గుణింతాలు సరిగ్గా అతికే పనిముట్టు ఎంచుకోవాలి. 2023లో వచ్చిన ఉచిత గేమ్ తయారీ సాధనం గోడాట్ 4లో ఈ వసతి ఉంది. ఏ సాధనమైనా మొదటి రోజే 'స్త్రీ', 'లక్ష్మి', 'రాష్ట్రం' టైపు చేసి చూస్తే సంగతి తెలిసిపోతుంది.

మనిషి మొహం దగ్గర ఆగాలి

నది, చెట్టు, గోడ కాస్త అటూ ఇటూ అయినా కన్ను మన్నిస్తుంది. మొహాన్ని మన్నించదు. మెదడులో మొహాలను గుర్తించడానికే ప్రత్యేకంగా పనిచేసే భాగాలున్నాయి. అవి ఎంత చురుకైనవంటే రెండు చుక్కలు, ఒక గీత కనిపించినా మొహాన్ని పోల్చుకుంటాయి. అదే చురుకుతో తప్పులనూ పట్టుకుంటాయి.

జపాన్ రోబోల నిపుణుడు మసాహిరో మోరి 1970లో ఒక విషయం ప్రతిపాదించాడు. బొమ్మ మనిషిని పోలేకొద్దీ దాని మీద ఇష్టం పెరుగుతుంది. దాదాపు మనిషిలాగే ఉండి, ఇంకా మనిషి కాని దశకు చేరగానే ఆ ఇష్టం ఒక్కసారిగా జారి వెగటుగా మారుతుంది. దీన్ని ఆయన ఒక లోయతో పోల్చాడు. పెద్ద సంస్థలు వందలమందితో ఆ లోయను దాటే ప్రయత్నం చేయగలవు. ఇంట్లో పనిచేసేవారు లోయకు ఇవతలి గట్టునే ఉండడం తెలివైన పని. బొమ్మల కొలువులో మట్టి ఆవు నిజం ఆవులా ఉండదు, అయినా దాన్ని చూసి ఎవరూ వెగటు పడరు.

మొహం కనబడాలంటే కొలతలు మార్చవచ్చు. 1987లో వచ్చిన 'మేనియాక్ మ్యాన్షన్'లో పాత్రల తలలు ఒంటి కొలతకు తగనంత పెద్దవి. చుక్కలు తక్కువ ఉన్న తెర మీద ఎవరు ఎవరో తెలియడానికి రాన్ గిల్బర్ట్, గ్యారీ విన్నిక్ ఆ మార్గం పట్టారు. అవసరం కొద్దీ పుట్టిన ఆ పెద్ద తలలే ఆ ఆటకు గుర్తుగా మిగిలాయి.

తోలుబొమ్మ చెప్పే పాఠం

అడ్వెంచర్ గేమ్‌లో ఎక్కువ సమయం తినేది నడక. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. చేతితో గీసే యానిమేషన్‌లో ఒక్కో బొమ్మను రెండు ఫ్రేముల పాటు నిలిపి 12 బొమ్మలతో సరిపెట్టడం మామూలే. ఒక అడుగుల జతకు ఎనిమిది బొమ్మలు అనుకుంటే, ఎదురుగా, వెనుకగా, కుడికి, ఎడమకు కలిపి ఒక్క పాత్రకు 32 బొమ్మలు. కుడివైపు బొమ్మను అద్దంలోలా తిప్పి ఎడమవైపు వాడితే 24కు తగ్గుతాయి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. చీర కట్టిన పాత్రను తిప్పగానే ఎడమ భుజం మీది పైట కుడి భుజం మీదికి మారిపోతుంది. తెలుగు ఇళ్లలో ఆ తేడా పట్టని కన్ను ఉండదు. రెండు వైపులా ఒకేలా ఉండే దుస్తులు ఎంచుకోవడమో, పైటను విడి ముక్కగా వేయడమో చేయాలి.

విడి ముక్కల ఆలోచన తెలుగువారికి కొత్తది కాదు. మేక తోలును పలచగా చేసి, రంగులు వేసి, నగలు ఉండాల్సిన చోట చిల్లులు పొడిచి, తల, మొండెం, చేతులు, కాళ్లను విడివిడిగా కత్తిరించి దారంతో కీళ్ల దగ్గర కలిపితే తోలుబొమ్మ అవుతుంది. ఒక్కసారి చేసిన బొమ్మ వంద రాత్రులు వంద రకాలుగా కదులుతుంది. కంప్యూటర్‌లో ముక్కల యానిమేషన్ అచ్చంగా ఇదే. పాత్రను పన్నెండు, పదమూడు ముక్కలుగా వేసి, కీళ్లు గుర్తిస్తే, నడక, వంగడం, చేయి చాచడం అన్నీ ఆ ముక్కలను తిప్పడంతోనే వస్తాయి. ఆ కదలికలో కొంత బిగువు ఉంటుంది. తోలుబొమ్మల తెర చూసిన కన్నుకు ఆ బిగువు ఒక తీరుగానే కనిపిస్తుంది.

బాబ్లీ వంటి సరిహద్దు కథకు తోలుబొమ్మ మరో విధంగానూ తగినది. ఆంధ్రదేశంలో ఈ కళను నిలిపిన కుటుంబాల్లో చాలామంది ఆరె వర్గంవారు. ఇంట్లో మరాఠీ మాండలికం, తెర వెనుక తెలుగు పద్యం వారి జీవితం.

ఇలాంటి బొమ్మలాట తీరును గేమ్‌లో వాడడానికి మహారాష్ట్రలోనే పెద్ద ఉదాహరణ ఉంది. పుణేకు చెందిన నాడింగ్ హెడ్స్ గేమ్స్ అనే చిన్న బృందం 2020లో 'రాజీ: యాన్ ఏన్షంట్ ఎపిక్'ను విడుదల చేసింది. ఆట నడిచే దృశ్యాలు త్రీడీలో ఉంటాయి. పురాణకథ చెప్పే ఘట్టాలు మాత్రం నీడబొమ్మలాటగా సాగుతాయి. గోడల మీది చిత్రాలకు పహాడీ చిత్రకళ స్ఫూర్తి. కథలో కథకు తీరు మారడం వల్ల ఏది ఇప్పుడు జరుగుతున్నది, ఏది పాతకాలపు ముచ్చట అన్నది ఆడేవారికి ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

చెరియాల పటం, నిర్మల్ బొమ్మ

సరిహద్దు దాటితే తెలంగాణలో రెండు చిత్రసంప్రదాయాలు ఉన్నాయి. అడ్వెంచర్ గేమ్ చేసేవారు వాటిని ఎలా వాడవచ్చో, ఎక్కడ వాడకూడదో తెలుసుకోవాలి.

చెరియాల నకాశీ పటం పొడవాటి గుడ్డ. గుడ్డకు చింతగింజల గంజి, సుద్ద పట్టించి, ఎర్రటి నేపథ్యం మీద కథను గడులు గడులుగా వేస్తారు. కథకులు పటాన్ని విప్పుతూ ఒక్కో గడి చూపి కథ చెబుతారు. అడ్వెంచర్ గేమ్ కూడా ఒక్కో గడిగానే సాగుతుంది. ఒక తెర ముగిస్తే మరో తెర. చదునైన రంగులు, బలమైన గీతలు, లోతు లేని నేపథ్యం కాబట్టి ఒక్కరే వేసినా పని సాగుతుంది. చిక్కు ఎర్రటి నేపథ్యం దగ్గర వస్తుంది. ధర్మాబాద్ మిర్చిరాశి ఆ ఎరుపులో కలిసిపోతుంది. మిర్చి కథకు కీలకమైతే నేపథ్యం రంగు మార్చుకోవాలి, లేదా పటం తీరును తాత చెప్పే పాత కథకే పరిమితం చేయాలి.

నిర్మల్ చిత్రాల్లో చీకటి నేపథ్యం మీద బంగారు ఛాయలు మెరుస్తాయి. రాత్రి నది మీద లాంతరు వెలిగిన దృశ్యానికి ఇది చక్కగా నప్పుతుంది. ఆషాఢం పగటి వెలుగులో పారే నదికి నప్పదు. తేలికైన పొనికి కర్రతో చేసే నిర్మల్ కొయ్యబొమ్మలు మరో పనికి వస్తాయి. పండైనా పక్షైనా గుండ్రటి ఆకారం, నున్నటి మెరుపు, ఒకే చూపులో తెలిసే రూపం వాటి గుణం. ఆడేవారి సంచిలో చేరే తాళంచెవి, తాడు, లాంతరు చిన్న గడిలో కూడా తెలియాలంటే ఈ గుణమే కావాలి.

ఈ రెండు కళలూ భౌగోళిక గుర్తింపు పొందినవి, వాటి మీద బతికే కుటుంబాలు ఉన్నవి. వాటి తీరును గేమ్‌లోకి తెచ్చేవారు ఆ కళాకారుల దగ్గర కూర్చుని నేర్చుకోవాలి, వీలైతే వారిచేతనే వేయించి డబ్బు ఇవ్వాలి, పేరు వేయాలి. చేయి తిరిగినవారు వేసిన గీతలో ఉండే బలం నకలులో రాదు.

రంగు ముందా, వెలుగు ముందా?

బాబ్లీ రెండు ముఖాలనూ వేరుచేసేది నీటి రంగు. గేట్లు ఎత్తిన వానాకాలంలో నది ఒండ్రుతో వస్తుంది. నీటిలో తేలే మట్టి రేణువులు వెలుగును లోపలికి పోనీయకుండా అన్ని వైపులా చెదరగొడతాయి. అందుకే వరదనీరు ఆకాశాన్ని చూపదు, మట్టి రంగునే చూపుతుంది. గేట్లు దిగాక నీరు నిలిచి రేణువులు అడుగుకు చేరతాయి. ఉపరితలం సమమవుతుంది. ఏటవాలుగా చూసినకొద్దీ నీరు ఎక్కువ వెలుగును తిరగగొడుతుంది కాబట్టి దూరంగా ఆకాశం, దగ్గరగా అడుగు కనిపిస్తాయి. ఈ కారణం తెలిసిన చిత్రకారుడికి రెండే రంగుల మార్పుతో రెండు కాలాలు చిక్కుతాయి.

రంగుకన్నా ముందు చూసుకోవాల్సినది వెలుగుల తేడా. ఎరుపు, ఆకుపచ్చలను వేరుచేయలేని లోపానికి సంబంధించిన జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి, కనుక అది మగవారిలో ఎక్కువ. ఐరోపా మూలాలున్న పురుషుల్లో నూటికి సుమారు 8 మందిలో ఇది కనిపిస్తుంది. పచ్చటి చేలో ఎర్రటి మిర్చి అలాంటివారికి కనబడకపోవచ్చు. చిత్రాన్ని పూర్తిగా నలుపు తెలుపుల్లోకి మార్చి చూసినప్పుడూ మిర్చి విడిగా కనిపిస్తే ఆ చిత్రం అందరికీ పనికొస్తుంది.

దూరం చూపడానికీ వెలుగే సాధనం. దూరపు కొండకూ కంటికీ మధ్య గాలి ఎక్కువ. ఆ గాలి వెలుగును, ముఖ్యంగా నీలాన్ని, చెదరగొట్టి కొండ మీద పలచటి తెర కప్పుతుంది. దగ్గరి తుమ్మచెట్టు ముదురుగా, గేట్లు మధ్యరకంగా, అవతలి ఒడ్డు లేతగా వేస్తే మూడు పొరల్లోనే లోతు వస్తుంది. పాత్ర నడిచేటప్పుడు దగ్గరి పొరను వేగంగా, దూరపు పొరను నెమ్మదిగా కదిపితే రైలు కిటికీలోంచి చూసిన అనుభవం కలుగుతుంది.

బాక్స్: చేతి లెక్క

బాబ్లీ కథకు 20 చోట్లు, 6 పాత్రలు అనుకుంటే లెక్క ఇలా ఉంటుంది. రోజుకు రెండు గంటల పని.

* రంగులద్దిన నిండు చిత్రాలు: ఒక్కోదానికి 12 గంటలు. రెండు కాలాలకు విడివిడిగా 40 చిత్రాలు. 480 గంటలు, అంటే 240 రోజులు.
* అవే చిత్రాలు, నీటిని విడి పొరగా: 20 చిత్రాలకు 240 గంటలు. నది కనిపించే 8 చోట్ల రెండో కాలపు పొరకు మూడేసి గంటల చొప్పున 24. మొత్తం 264 గంటలు, 132 రోజులు.
* చదునైన రంగుల తీరు: ఒక్కోదానికి 4 గంటలు, నీటి పొరకు ఒక గంట. మొత్తం 88 గంటలు, 44 రోజులు.
* నడక, ఫ్రేముల పద్ధతి: 6 పాత్రలకు 24 చొప్పున 144 బొమ్మలు, ఒక్కోదానికి అరగంట. 72 గంటలు, 36 రోజులు.
* నడక, తోలుబొమ్మ పద్ధతి: ఒక్కో పాత్రకు 6 గంటలు. 36 గంటలు, 18 రోజులు.

గంటలు ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటాయి. లెక్క వేసే పద్ధతి మాత్రం అందరికీ ఒకటే.

గీయడం రానివారికి

పెన్సిల్ పట్టడం రాకపోయినా దారులున్నాయి. చెక్ చిత్రకారుడు యాకుబ్ ద్వోర్‌స్కీ 2003లో విద్యార్థిగా చేసిన 'సామొరోస్త్'లో నాచు, బెరడు ఫోటోలు గ్రహాలుగా మారాయి. గోదావరి ఒడ్డున పగుళ్లు తేలిన నల్లరేగడిని ఫోటో తీస్తే అదే ఒక లోకం అవుతుంది. 1996 నాటి 'ది నెవర్‌హుడ్'ను మూడు టన్నులకు పైగా మట్టిముద్దతో మలిచారు. 2014లో వచ్చిన 'లూమినో సిటీ' కోసం కాగితం, అట్ట, చిన్న దీపాలు, మోటార్లతో నిజంగానే ఒక నగరం కట్టి కెమెరాతో తీశారు. ఈ పద్ధతుల్లో వెలుగునీడలు వాటంతటవే వస్తాయి. కానీ తర్వాత ఒక కిటికీ మార్చాలన్నా మళ్లీ అట్ట కత్తిరించాల్సిందే. కథ పూర్తిగా ఖాయమయ్యాకే వీటికి దిగడం మంచిది.

ఎంపికకు ఐదు పరీక్షలు

మొదట కథలో అతి కష్టమైన దృశ్యాన్ని ఎంచుకోవాలి. బాబ్లీ కథలో అది గేట్లు ఎత్తే క్షణం. తేలికైన దృశ్యంతో మొదలుపెడితే తీరులోని లోపం చాలా ఆలస్యంగా బయటపడుతుంది.

రెండు, ఆ ఒక్క దృశ్యాన్ని రెండు మూడు తీరుల్లో వేసి, ఒక్కోదానికి పట్టిన సమయం రాసిపెట్టాలి. దాన్ని మొత్తం దృశ్యాల సంఖ్యతో హెచ్చించాలి.

మూడు, చిత్రాన్ని నలుపు తెలుపుల్లో చూడాలి. ఆపై ఫోన్ తెరంత చిన్నది చేసి చూడాలి. రెండుసార్లూ పాత్ర, తాకాల్సిన వస్తువు విడిగా తెలియాలి.

నాలుగు, ఆట గురించి ఏమీ తెలియని ఒకరికి చూపి, ఏది తాకాలనిపిస్తోందో అడగాలి. వారి వేలు తాళంచెవి మీద పడితే తీరు పనిచేస్తున్నట్టు. గడ్డి మీద పడితే గడ్డిలో వివరం తగ్గించాలి.

ఐదు, నెల తర్వాత అదే తీరులో మరో దృశ్యం వేసి మొదటిదాని పక్కన పెట్టాలి. రెండూ ఒకే చేతిలోంచి వచ్చినట్టు ఉండాలి. ఆ నిలకడ లేకపోతే ఇరవై చోట్లు ఇరవై ఆటల్లా కనిపిస్తాయి.

ఈ ఐదింటిలో నెగ్గిన తీరు చూడడానికి అన్నిటికన్నా గొప్పది కాకపోవచ్చు. 'మిస్టరీ హౌస్' గీతలూ గొప్పవి కావు. కానీ అవి ఆట మొదటి గది నుంచి చివరి గది వరకు ఉన్నాయి. ఇంట్లో గేమ్ చేసేవారికి సరైన తీరు ఏదంటే, ఆడేవారికి తాళంచెవిని చూపగలిగేది, వేసేవారి చేత ఇరవయ్యో చిత్రం వరకు పూర్తి చేయించగలిగేది.